పాటకు బాగుంటుంది, మాటకు తడబడుతుంది: వైర్‌లెస్ హెడ్‌సెట్ వెనుక కథ

అనంతపురం శివారు కక్కలపల్లి టమాటా మార్కెట్లో వేలం జోరుగా సాగుతున్నప్పుడు ఫోనులో ధర చెప్పడం అంత తేలిక కాదు. వేలంపాట పెంచేవాళ్ల కేకలు, క్రేట్లు లారీలోకి ఎక్కించే చప్పుడు, ఆపకుండా వదిలేసిన డీజిల్ ఇంజన్ల మోత. మండీ గుమస్తా చేతిలో చీటీల పుస్తకం ఉంటుంది, మెడలో నెక్‌బ్యాండ్ రకం వైర్‌లెస్ హెడ్‌సెట్ ఉంటుంది. అవతల హైదరాబాదు వ్యాపారి ‘కిలో ఇరవయ్యా, అరవయ్యా’ అని రెండోసారి, మూడోసారి అడుగుతుంటాడు. గుమస్తాకు మాత్రం ఆ ప్రశ్న స్పష్టంగానే వినిపిస్తుంది. చివరికి విసుగెత్తి నెక్‌బ్యాండ్ ఆపేసి, ఫోనునే నోటి దగ్గర పెట్టుకుని అరుస్తాడు.

చేతులు ఖాళీగా ఉండాలని కొన్న వస్తువు ఇలా మళ్లీ చేతికే పని పెడుతోంది. ఈ ఫిర్యాదు మార్కెట్లోనే కాదు, ద్విచక్ర వాహనాలపై సరుకులు అందించే కుర్రాళ్ల దగ్గర, ఇంటి నుంచి ఆన్‌లైన్ పాఠాలు చెప్పే టీచర్ల దగ్గర, రోజంతా ఖాతాదారులతో మాట్లాడే బీమా ఏజెంట్ల దగ్గర కూడా వినిపిస్తుంది. నాసిరకం సరుకు అంటగట్టారని దుకాణదారుణ్ని తిట్టుకోవడం మామూలే. చాలాసార్లు ఆ సరుకు నాసిరకం కాదు. అది పాటలు వినడానికి బాగా తయారైన సరుకు. మాట్లాడటానికి పుట్టిన వస్తువు పాటల వస్తువుగా మారిపోయిన తీరు తెలిస్తే, దుకాణంలో ఏం అడగాలో తెలుస్తుంది.

అసలు తలకు తగిలించుకునే ఫోను అవసరం మొదట పడింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటర్లకు. వైర్లు తీసి వేరే రంధ్రాల్లో గుచ్చాలంటే రెండు చేతులూ కావాలి. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుక్కూర్చున్న తరానికి అవతల పలికిన ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్‌విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చుని చేసిన హెడ్‌ఫోన్లను అక్కడి నౌకాదళం కొనుక్కుంది. ఆ తర్వాత విమాన పైలట్ల అవసరం వచ్చింది. 1961లో ఇద్దరు పైలట్లు కలిసి ప్లాంట్రానిక్స్ కంపెనీ పెట్టి తేలికపాటి హెడ్‌సెట్ తయారు చేశారు. 1969లో చంద్రుడి మీద నుంచి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పలికిన మాటలు భూమికి చేరింది ఆ కంపెనీ మైకు ద్వారానే. ఆపరేటరుదైనా పైలటుదైనా ఈ పరికరాలన్నిటికీ ఒక పోలిక ఉంది: మైకు నోటి ముందు ఉండేది. చూడ్డానికి ఎలా ఉంటుందన్న బెంగ ఎవరికీ లేదు.

వైరు తీసేయాలన్న ఆలోచన స్వీడన్‌లోని లుండ్ నగరంలో, ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. 1989లోనే అక్కడి నిల్స్ రిడ్‌బెక్ తక్కువ దూరం పనిచేసే రేడియో లింకు కోసం పని ప్రారంభింపజేశారు. ఉద్దేశం ఒకటే, మొబైల్‌కు వైర్‌లెస్ హెడ్‌సెట్. 1994 నుంచి డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సెన్ దానికి రూపం ఇచ్చారు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరును ఇంటెల్ ఉద్యోగి ఒకరు తాత్కాలికంగా సూచిస్తే, అదే స్థిరపడిపోయింది. మరుసటి ఏడాది బయటికి వచ్చిన తొలి బ్లూటూత్ వస్తువు హ్యాండ్స్‌ఫ్రీ హెడ్‌సెట్టే.

అప్పటి లెక్క మాటల లెక్క. ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోసేది కాబట్టి బ్లూటూత్ కూడా అంతే చాలనుకుంది. ధ్వనిని సెకనుకు 8 వేల సార్లు కొలిచి తీసే నమూనాలు, ఒక్కో దిశకు సెకనుకు 64 కిలోబిట్ల దారి. మనిషి గొంతును గుర్తుపట్టడానికి ఇది సరిపోతుంది. కానీ స, శ, ఫ వంటి ధ్వనుల పదును చాలావరకు ఈ హద్దుకు పైన ఉంటుంది, అది తెగిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మన మెదడు ఆ లోటును పూడ్చుకుంటుంది. మార్కెట్ గోలలో పూడ్చుకోలేదు.

మన దేశంలో ఈ వస్తువు ఆలస్యంగా అడుగుపెట్టింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర మంత్రి సుఖ్‌రాం మధ్య దేశంలో తొలి మొబైల్ కాల్ నడిచింది. వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టే రోజుల్లో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు ఎవరు? 2003 మే నుంచి ఆ భారం పోయింది. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తి పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో కేంద్రం నియమాలు తెచ్చింది. ఆ కాలంలోనే అనంతపురం టవర్‌క్లాక్ చుట్టుపక్కల నీలం లైటు మిణుకుమిణుకుమనే ఒంటి చెవి పరికరాలు కనిపించడం మొదలైంది. ఫోనుతో జత చేయాలంటే పాస్‌కోడ్‌గా నాలుగు సున్నాలు కొట్టాలి. తనలో తాను మాట్లాడుకుంటున్నాడేమిటని జనం వెనక్కి తిరిగి చూసేవారు. అయినా అప్పట్లో దాన్ని కొన్నవాడు కాల్స్ కోసమే కొన్నాడు. పాటలు వినడానికి అది పనికిరాదు.

ఇక్కడే దారి చీలింది. 2003లో బ్లూటూత్‌కు సంగీతం కోసం వేరే పద్ధతి వచ్చింది. అందులో సుమారు 328 కిలోబిట్ల దాకా సమాచారం వెళ్తుంది, కానీ ఒక్క దిశలోనే: ఫోను నుంచి చెవికి. మైకుకు అందులో చోటు లేదు. కాల్ రాగానే పరికరం ఆ వెడల్పు దారి వదిలేసి పాత ఇరుకు సందులోకి దూరుతుంది. కంప్యూటర్లో పాట వింటూ ఆన్‌లైన్ సమావేశంలో చేరిన వెంటనే ధ్వని మొద్దుబారినట్టు అనిపించేది ఇందుకే. హెడ్‌సెట్ చెడిపోలేదు, దారి మారింది.

2011లో కాల్స్ దారిని కాస్త మెరుగుపరిచారు. నమూనాలు సెకనుకు 16 వేలు అయ్యాయి. ఫోను, హెడ్‌సెట్ రెండూ ఆ పద్ధతిని పాటిస్తేనే దాని ఫలితం. ఆ తర్వాత 2016 వచ్చింది. ఐఫోన్ నుంచి ఇయర్‌ఫోన్ రంధ్రం మాయమైంది, డిసెంబరులో ఎయిర్‌పాడ్స్ అనే వైర్‌లెస్ జంట బడ్స్ అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో మన దగ్గర జియో దిగింది. డేటా నెట్‌వర్కు మీదే మాటలు నడవడం మొదలైంది, నిమిషాల లెక్క పోయింది. అంటే దేశం ఎక్కువగా మాట్లాడటం మొదలుపెట్టిన సమయంలోనే హెడ్‌సెట్ పరిశ్రమ మాటల నుంచి పాటల వైపు తిరిగింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో విడ్డూరం ఇదే.

మాటల కోసమే పరికరాలు చేసిన కంపెనీల గతి కూడా ఇదే చెబుతుంది. మాట్లాడేటప్పుడు చెంపలో పుట్టే కంపనాన్ని పసిగట్టి గోల వడపోసే హెడ్‌సెట్‌తో 2000 దశకంలో పేరు తెచ్చుకున్న జాబోన్ 2017లో మూతపడింది. డెన్మార్క్ కంపెనీ జీఎన్ చేతిలో ఉన్న జాబ్రా బ్రాండు తన ఒంటి చెవి టాక్ శ్రేణిని, జంట బడ్స్ ఎలైట్ శ్రేణిని క్రమంగా ఆపేస్తున్నట్టు 2024 జూన్‌లో ప్రకటించి, ఆఫీసు హెడ్‌సెట్ల మీద దృష్టి పెట్టింది. కాల్స్ కోసమే చేసిన సరుకు కావాలంటే ఇప్పుడు ఆఫీసుల సామాను అమ్మేచోట వెతుక్కోవాలి.

ఇక పెట్టె మీద రాసిన రాతల సంగతి. ఏఎన్‌సీ అని పెద్దక్షరాల్లో ఉంటే అది బయటి గోల మన చెవిలో పడకుండా చేసే ఏర్పాటు. విమాన ప్రయాణంలో ఇంజను హోరు భరించలేక బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ 1978లో ఈ దారి పట్టారు. దాని పక్కన రాసే డెసిబెల్ అంకె మన సుఖం కోసమే, అవతలివారికి దానితో సంబంధం లేదు. ఈఎన్‌సీ అని ఉంటే అది మన గొంతు చుట్టూ ఉన్న గోల తగ్గించి పంపే ప్రయత్నం. మండీలో మాట్లాడేవాడికి కావలసింది ఈ రెండోది. నాలుగు మైకులు అని రాస్తే చెవికి రెండు చొప్పున అని అర్థం. గేమింగ్ మోడు, అదిరిపోయే బేస్ కాల్‌కు అక్కర్లేదు. నలభై గంటల బ్యాటరీ అంటే ఎక్కువగా పాటల గంటలు, అందులోనూ కేసు చార్జి కలిపి. మాట్లాడే సమయం ఎంతో చిన్న అక్షరాల్లో వెతకాలి.

మైకులు ఎన్నని కాదు, నోటికి ఎంత దూరంలో ఉన్నాయన్నది ముఖ్యం. నోటికి, మైకుకు మధ్య దూరం సగమైతే మన గొంతు ఆరు డెసిబెల్స్ పెరిగి అందుతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం పెరగదు. చెవిలోని బడ్ నోటికి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుంటే, దవడ వెంట చాచిన చిన్న కొమ్మ చివర మైకు 3 సెంటీమీటర్లకు వస్తుంది. తేడా 12 డెసిబెల్స్. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత చౌకగా ఈ పని చేయలేదు. నెక్‌బ్యాండు సంగతి ఇంకా వేరు. దాని మైకు చాలా మోడళ్లలో వైరుకో, మెడ కింది ఎముక దగ్గర వేలాడే ముక్కకో ఉంటుంది, చొక్కా కాలరు రాసుకుంటే గరగరమంటుంది. గుమస్తా ధర వినబడకపోవడానికి సగం కారణం ఆ కాలరే కావచ్చు.

అనంతపురం జిల్లాకు గాలి మరో పరీక్ష. ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు ఊరికే వెలవలేదు. మైకు రంధ్రం మీదుగా గాలి సుడి తిరిగినప్పుడు పుట్టే హోరు బయటి శబ్దం కాదు, అది మైకు దగ్గరే పుడుతుంది, అందుకే అది వడపోతకు తేలికగా లొంగదు. మైకుకు చిన్న స్పాంజి తొడుగు ఉంటే చాలా నయం. ధూళి విషయానికి వస్తే ఐపీఎక్స్4 అన్న రాత చూసి మోసపోకూడదు. అందులో ఎక్స్ ఉన్న చోటు ధూళి అంకెది. ధూళికి పరీక్ష జరిగినట్టు ఆ రాత చెప్పదు, చెప్పేది నీటి తుంపర గురించే. ఐపీ55 వంటి రెండంకెల గుర్తు ఉంటే ధూళి సంగతి కూడా చూశారని. వేసవిలో బండి ట్యాంకు మీది సంచిలోనో, కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేస్తే లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది, ఇలాంటి చిన్న పరికరాల్లో దాన్ని మార్చడం కూడా కుదరదు.

రోడ్డు మీద వాడకానికి వేరే చరిత్ర ఉంది. హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద దూసుకెళ్లేవాళ్లను చూడనివాళ్లుండరు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, బండి నడుపుతూ చేతిలో పట్టుకునే ఫోను వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వచ్చింది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం వెసులుబాటు ఇచ్చారు. 2023లో మన రాష్ట్రంలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే 20 వేలు జరిమానా అన్న ప్రచారం వాట్సాప్ గ్రూపుల్లో చుట్టేసింది. అది నిజం కాదని రవాణా శాఖ చెప్పాల్సి వచ్చింది.

ఆ వదంతి పోయింది కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్లకు ఒక పాత లెక్క ఉంది. 1997లో టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను, వారి ప్రమాదాలను పోల్చి చూసిన అధ్యయనంలో, ఫోను మాట్లాడుతున్నప్పుడు ఢీకొనే ముప్పు సుమారు నాలుగు రెట్లుగా తేలింది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకు దాని వల్ల రక్షణ పెరిగినట్టు కనిపించలేదు. చెయ్యి ఖాళీ అయినా ధ్యాస ఖాళీ కాదు. పైగా జంట బడ్స్ రెండు చెవులనూ మూస్తాయి, వెనక లారీ హారన్ వినిపించదు. బండి ఆపి మాట్లాడటానికి మించిన హెడ్‌సెట్ ఏ కంపెనీ చేయలేదు. ఆపలేని వృత్తుల వారికి ఒంటి చెవి రకమే కొంత మేలు.

రాబోయే మార్పు ఒకటి ఉంది. 2020 జనవరిలో ప్రకటించిన ఎల్ఈ ఆడియో పద్ధతిలో ధ్వనిని కుదించి పంపే ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్ వచ్చింది, తక్కువ బిట్లతోనే మెరుగైన గొంతు పంపగలదు. పాటకు, మాటకు వేర్వేరు దార్లన్న పాత చిక్కు దీనితో సడలుతుంది. అయితే ఇదీ రెండు వైపులా ఉంటేనే. హెడ్‌సెట్ మీద కొత్త బ్లూటూత్ నంబరు ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు, ఆ మాట విడిగా రాసి ఉందో లేదో చూడాలి. ఫోను పాతదైతే ఆ డబ్బు దండగ.

దుకాణంలో పరీక్షించే పద్ధతిని కూడా తిరగేయాలి. చాలామంది చల్లటి ఏసీ గదిలో చెవిలో పెట్టుకుని ఒక పాట విని తలూపుతారు. కాల్స్ కోసం కొనేటప్పుడు దుకాణం మెట్ల మీదికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి, ఇంట్లోవాళ్లకు ఫోను చేసి, ఒక పదంకెల నంబరు చదివి తిరిగి చెప్పించుకోవాలి. ఫోనును హెడ్‌సెట్‌కు ఎదురు పక్క జేబులో పెట్టి కూడా చూడాలి, మన ఒళ్లు ఈ తరంగాలను అడ్డుకుంటుంది. పెట్టె విప్పనివ్వని చోట ఇంకో ఉపాయం ఉంది. అదే మోడల్ వాడుతున్న స్నేహితుణ్ని బస్టాండు నుంచి మనకు కాల్ చేయమనాలి. అతని చెవిది తీసుకుని మనం పెట్టుకుంటే తెలిసేది పాట సంగతే. అతని కాల్ మనం అందుకుంటే తెలిసేది మాట సంగతి.