డాబా మీద ఐదున్నర వేల లీటర్లు

బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున గట్టు మీద ఉన్న ఊరు కావడంతో, కురిసిన వాన హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి లోయల వెంట కిందికి పోతుంది. దాన్ని పట్టి ఉంచడానికే పాతవాళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కాలువ గుండా కింది చెరువుకు చేరేవి. ఆ పెద్ద కాలువలనే ఇక్కడ రాజకాలువెలంటారు. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండుంది, సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం ఉంది. 2022 సెప్టెంబరులో వరదొచ్చి బెళ్లందూరు వైపు ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారంటే ఆశ్చర్యమేముంది?

చెరువులూ కాలువలూ ప్రభుత్వం చూడాలి, సరే. మన డాబా సంగతి? 30×40 సైటంటే 1,200 చదరపు అడుగులు, దాదాపు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. సైటంతా ఇంటి కప్పే అయితే, 50 మి.మీ. వానకు ఐదున్నర వేల లీటర్లు! మామూలు ట్యాంకరులో ఇంచుమించు అంతే పడుతుంది. ఒకపక్క ట్యాంకరుకు డబ్బులు పోస్తూ, ఇంకోపక్క ఈ నీళ్లను వీధిలోకి వదిలేస్తాం.

వీధిలోకి వదిలినా కొంత నయం. చాలా ఇళ్లలో డాబా పైపును నేరుగా యూజీడీకి, అంటే భూగర్భ మురుగు పైపులకు, కలిపేస్తారు. ఆ పైపులు వేసింది వంటింటి, బాత్రూం నీళ్ల కోసం. గట్టివాన పడగానే అవి నిండిపోయి మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. పై వీధివాళ్ల డాబా నీళ్లు పల్లంలో ఉన్నవాళ్ల బాత్రూంలోకి మురుగును ఎగదంతాయి. ఇలా కలపకూడదని నగర నీళ్లూ మురుగూ చూసే జలమండలి చెబుతూనే ఉంటుంది, కలిపేవాళ్లు కలుపుతూనే ఉంటారు.

దీనికి నాకు నచ్చిన మందు, డాబా నీళ్లను భూమిలోకి దించే ఇంకుడు బావి. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు తవ్వి సిమెంటు వరలు దించుతారు. అడుగున సిమెంటు వేయరు, నీళ్లు ఇంకాల్సింది అక్కడే కదా. బావి నిండా సుమారు నాలుగు వేల లీటర్లు పడతాయి. పైనుంచి నీళ్లు వస్తుండగానే కిందినుంచి ఇంకుతుంటాయి కాబట్టి, మట్టి మంచిదైతే పెద్దవానకూ సరిపోతుంది. సెప్టిక్ ట్యాంకు పక్కన మాత్రం తవ్వించకూడదు.

తవ్వేది చాలావరకు మన్ను వడ్డర్లు. తరతరాలుగా బావుల పనిలో ఉన్నవాళ్లు, ఇళ్లలో ఒకరకం తెలుగే మాట్లాడతారు. ఊళ్లో పది లక్షల ఇంకుడు బావులు రావాలన్న ప్రచారంతో వాళ్ల పనికి మళ్లీ గిరాకీ వచ్చింది.

వాననీటి సంరక్షణను 2009లో చట్టం తప్పనిసరి చేసింది. పాటించనివాళ్లకు నీటి బిల్లులోనే పెనాల్టీ పడుతుంది. అది కట్టేసి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. అంతకంటే జయనగర్‌లో జలమండలి పెట్టిన వాననీటి పార్కు మేలనిపిస్తుంది. పైపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో అక్కడి నమూనాల్లో కళ్లారా చూడొచ్చు.

బావి తవ్వించుకున్నాక పెద్దగా పనుండదు. ఇక్కడ వేసవి వానలు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి, మార్చిలోనే డాబా ఊడ్చి, డాబా పైపుకూ బావికీ మధ్య ఉండే ఫిల్టరులోని కంకర తీసి కడిగి పెట్టుకోవాలి. మొదటి వానకు దుమ్మూ రెట్టలూ కొట్టుకొస్తాయి, ఆ నీళ్లను బయటికి వదిలేసి తర్వాతే వాల్వు బావి వైపు తిప్పాలి.