అలుగుటయే అంటే చెరువు అలుగా తాతా?

చిరంజీవులు అమ్మణ్ణికి, చిన్నోడికి తాత ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అంతా క్షేమం.

శ్రీరామనవమి పందిట్లో ఆ రాత్రి రాయబారం నాటకంలో కృష్ణుడు 'అలుగుటయే' పద్యం ఎత్తుకోగానే అమ్మణ్ణి అడిగిన దానికి హార్మోనియం మోతలో జవాబు చెప్పలేకపోయాను. "అలుగుటయే అంటే చెరువు అలుగా తాతా?" అంది. వెనకవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ అలుగు వేరమ్మా. చెరువు నిండి పొర్లే చోటుని మీరు అలుగంటారు, మా పల్లెల్లో కలుజు అంటాం. పద్యంలోది అలగడం. మొన్న తమ్ముడు గోలీలివ్వలేదని అన్నం మానేశావే, అది. అయినా నువ్వన్నది తప్పని కొట్టేయడానికి నాకు మనసు రావడం లేదు.

ధర్మరాజుని చెరువనుకోండి. ఎన్ని వాగులు తెచ్చి పోసినా కిక్కురుమనదు. జూదం, అడవి, అజ్ఞాతవాసం, అన్నీ లోపలే. ఊళ్ళోవాళ్ళు దాని గట్టు మీదే గొడ్లు తోలుకుంటారు, దాన్నే లోకువ కడతారు. (మీ బళ్ళో నోరెత్తని పిల్లకాయలు ఉంటారు. వాళ్ళని ఉడికించకండి.) కృష్ణుడు కౌరవసభలో దుర్యోధనుడికి చెప్పేది ఆ చెరువు సంగతే:

అలుగుటయే యెరుంగని మహామహితాత్ముఁ డజాతశత్రుఁడే
యలిగిననాఁడు సాగరములన్నియు నేకము గాకపోవు...

అజాతశత్రుడంటే ధర్మరాజే. అలగడమే ఎరగని ఆయన అలిగిన నాడు సాగరాలన్నీ ఒకటైపోక మానవు అని.

అ, లు, గు, ట. నాలుగూ పొట్టి అక్షరాలు, నీళ్ళు కలుజు అంచుదాకా ఉరికొచ్చినట్టు. 'యే' దగ్గర రాతి మీదికి దూకుతాయి. పైకి అని చూడండి, నోట్లోనే తెలుస్తుంది. అదే రాయబారంలో 'చెల్లియొ చెల్లకో తమకుఁ జేసిన యెగ్గులు' పద్యం 'చెల్' అని బరువుగా అడుగేసి మొదలవుతుంది. ఆ ఒక్క బరువక్షరాన్ని రెండు తేలికవిగా చీలిస్తే ఉత్పలమాల చంపకమాల అవుతుంది. పాదానికి 20 అక్షరాలు 21 అవుతాయి, తక్కిన నడకంతా ఒకటే. గణాలు మీ అయ్యోరు చెప్తాడులే.

మా చిన్నప్పుడు నాటకమంటే తెల్లార్లూ. గోనెపట్టా పరుచుకుని, వేరుశనక్కాయలు తింటూ, సగంలో నిద్రపోయేవాళ్ళం. కృష్ణుడు కూడా ఒకడు కాదు. పడకసీనుకి ఒకడు, రాయబారానికి ఇంకొకడు. ఉన్న కిరీటం ఒకటే, మొదటాయన తీసిస్తే గానీ రెండో ఆయనకి లేదు. రాయబారం వస్తుందనగా మా నాయన నన్ను తట్టి లేపేవాడు. సంతకం తప్ప రాయడం రాని మనిషి, పద్యాలన్నీ నోటికి వచ్చు. మన పెన్న ఒడ్డున తిక్కన 13వ శతాబ్దంలో తెలుగు చేసిన భారత కథని తిరుపతి వేంకట కవులు నాటకం కట్టారని ఆయనకి తెలుసో తెలియదో.

ఒక ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే చెరువేదో కాలవేదో మా మడేదో తెలియలేదు, అంతా ఒకటే నీరు. మా నాయన దిబ్బ మీద నిలబడి "అన్నియు నేకము గాకపోవు" అని గొణిగాడు. పంట పోయినవాడు పద్యం చదవడమేందా అనుకున్నాను. కవి 'చాలా కోపమొస్తుంది' అని ఊరుకోకుండా సాగరాలెందుకు తెచ్చాడో ఆ పొద్దు నా కళ్ళకి తెలిసింది, నా బుర్రకి తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

చిన్నోడు ఇప్పుడే అడుగుతాడు, చెరువుకైతే కలుజుంది, సాగరాలకి కలుజేదీ అని. నా పోలిక అక్కడ తెగిపోయిందిరా. సాగరాలకి కలుజు లేదు. నవమి రాత్రి కృష్ణుడి వేషగాడు ఆ మాట దగ్గర ఎందుకంత సేపు నిలబడ్డాడో మీరే ఆలోచించండి.

దీపావళి వానలకి చెరువు నిండగానే కబురు పంపుతాను. ఇద్దరూ రండి. గట్టు మీద నిలబడి, నీళ్ళు దూకే మోతని కాసేపు విని, అప్పుడు పద్యం అందుకుందాం. కలుజు మీదికి మాత్రం దిగొద్దు, పాచి జారుతుంది.

ఇట్లు,
మీ తాత