పుండు కాలి మీద, దెబ్బ కిడ్నీ మీద

విశాఖలో ఉక్కపోత, వాన కలిసొచ్చే నెలల్లో పిల్లల కాళ్ళ మీద చీము పుండ్లు కొత్తేమీ కాదు. దోమ కుడుతుంది, పిల్లాడు గోకుతాడు, పుండు పడుతుంది, కొన్నాళ్ళకు మానిపోతుంది. ఇంట్లో వాళ్ళు దాని సంగతి మర్చిపోతారు కూడా. ఆ తర్వాత ఏ మూడు వారాలకో ఒక పొద్దున వాడు ముఖం ఉబ్బిపోయి లేస్తాడు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. కంగారుగా ఊళ్ళోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళితే డాక్టరు బీపీ చూసి, యూరిన్ టెస్టు రాసి, "ఈమధ్య బాబుకి పుండ్లు గానీ గొంతు నొప్పి గానీ వచ్చాయా అమ్మా?" అని అడుగుతారు. ముఖం వాచిందంటే కాలి పుండు గురించి అడుగుతాడేంటి అని తల్లికి అనుమానం.

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. పుండు పుట్టించిన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కిడ్నీలోకి వెళ్ళి కాపురం పెట్టలేదు. దాన్ని చంపడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు దాని ముక్కలకు అతుక్కుని ముద్దలు కడతాయి. ఆ ముద్దలు వచ్చి కిడ్నీ జల్లెడల్లో ఇరుక్కుంటాయి, కొన్ని అక్కడే కడతాయి. ఈ జల్లెడల పేరు గ్లోమెరులస్‌లు. ఒక్కోటి మిల్లీమీటరులో దాదాపు ఐదో వంతు, ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు. పెద్దవాళ్ళలో గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే వస్తుంది. అవి రోజుకు 180 లీటర్ల దాకా వడగడితే, చివరికి మూత్రంగా బయటికొచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లే. ఇంత రక్తం ఇంత సన్నటి దారుల్లో నడిచేచోట ఏదో ఒకటి ఇరుక్కోకుండా ఎలా ఉంటుంది?

ఇరుక్కున్న ముద్దను చూసి రక్తంలో యాంటీబాడీలకు తోడుగా పోరాడే కాంప్లిమెంట్ ప్రొటీన్లు, తెల్లకణాలు శత్రువే అనుకుని మీద పడతాయి. ఆ గొడవలో జల్లెడ చిరుగుతుంది. ఎర్రకణాలు, ప్రొటీన్ మూత్రంలోకి జారతాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. రక్తంలో సీ3 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్ పడిపోవడం దీనికి మంచి ఆనవాలు. పిల్లల్లో చాలామందికి కొన్ని వారాల్లో ఇదంతా సర్దుకుంటుంది. సీ3 కూడా సాధారణంగా రెండు నెలల్లోపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

అన్ని జబ్బులూ ఇంత మర్యాదగా వెళ్ళిపోవు. 1968లో పారిస్‌లో బెర్జె అనే డాక్టరు బయటపెట్టిన ఐజీఏ నెఫ్రోపతి (ఐజీఏ అనే రకం యాంటీబాడీ జల్లెడల్లో పేరుకుపోయే జబ్బు) ఏళ్ళ తరబడి చాపకింద నీరులా నడుస్తుంది. అందులో గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజులకే మూత్రం ఎర్రబడుతుంది, వారాలు ఆగదు. రెంటినీ వేరు చేసి చెప్పడానికి డాక్టర్లకు ఈ తేడా బాగా పనికొస్తుంది. ఇక తేల్చి చెప్పేది బయాప్సీ. కిడ్నీ నుంచి సూదితో తీసిన సన్నటి ముక్కకు మెరిసే రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే యాంటీబాడీలు ఆకుపచ్చగా వెలుగుతాయి. ఐజీఏ జబ్బులో అవి చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. యాంటీబాడీలు నేరుగా జల్లెడ గోడనే పట్టుకునే గుడ్‌పాశ్చర్ జబ్బులో మాత్రం తెగని సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపిస్తే ఇక ఆగకూడదు, చికిత్స వెంటనే మొదలుపెట్టాలి.

ఇలాంటి మొండి జబ్బుల్లో డాక్టర్లు ఇమ్యూనిటీని తగ్గించడానికే స్టెరాయిడ్లు, ఇంకా గట్టి మందులు ఇస్తారు. ఇంట్లో వాళ్ళేమో మెడికల్ షాపులో "ఇమ్యూనిటీ పెంచే" పొడి కొని పాలల్లో కలిపిస్తారు! ప్రేమ కొద్దీ చేసేదే గానీ అది తప్పు దారి. అలాగే ముఖం గుండ్రంగా అయిపోతోందని చాలామంది స్టెరాయిడ్ టక్కున ఆపేస్తారు. అది మరీ ప్రమాదం. బయటి నుంచి మందు అందుతున్నన్నాళ్ళూ ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథి తన పని తగ్గించుకుని కూర్చుంటుంది, ఒక్కసారిగా మళ్ళీ అందుకోలేదు.

కిడ్నీ జబ్బు అంటే మనవైపు ముందు గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. అక్కడి నుంచి జనం వైజాగ్ ఆస్పత్రులకు ఏళ్ళుగా వస్తూనే ఉన్నారు. ఆ జబ్బును మాత్రం ఈ కథలో కలపకూడదు. అక్కడ ముందు దెబ్బ తినేది జల్లెడ కాదు, దాని కిందుండే గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. కారణం ఇంకా తేలలేదు. జల్లెడ పెద్దగా చిరగదు కాబట్టి మూత్రంలో ప్రొటీన్ కొద్దిగానే పోతుంది, కాళ్ళ వాపూ మొదట్లో ఉండకపోవచ్చు. అందుకే ఆ ఊళ్ళవాళ్ళకు యూరిన్ టెస్టు బాగానే ఉందని వదిలేయకుండా, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) కూడా చూడాలి.