పేపర్లున్నా పిటిషన్ ఎందుకు పోతోంది?

పీహెచ్‌డీ ఉంది, మంచి జర్నళ్లలో పేపర్లున్నాయి, పేరున్న కంపెనీలో రీసెర్చ్ ఉద్యోగం. అయినా గ్రీన్‌కార్డు పిటిషన్ తిరస్కరించారట. తిరుపతిలో, చిత్తూరులో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఈ మాట వినబడితే చాలు, పెద్దవాళ్లకు ఒకటే టెన్షన్: మావాడు ఏం తప్పు చేశాడని? చాలామంది విషయంలో తప్పేమీ ఉండదు. అక్కడి చట్టం అడిగే ప్రశ్న ఒకటి, మనవాళ్లు రాసిచ్చే జవాబు ఇంకొకటి. ఆ ప్రశ్న ఇలా తయారవడానికి వందేళ్లు పట్టింది.

యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది 1923లో. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వం పొందే అర్హతే లేదని తేల్చింది. ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా అప్పుడు చూసింది పుట్టుకనే. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున చోటిచ్చింది. 1948లో సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. మందుల చరిత్రలో అంత పేరున్న మనిషికి దక్కిన స్థానం అది. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది. ఉద్యోగం మీద వచ్చేవాళ్లకు మాత్రం ఒక షరతు గట్టిగా బిగించింది: ఆ పనికి అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖ ముందుగా ధ్రువీకరించాలి. నేటి పర్మ్ పద్ధతికి, అంటే కంపెనీ ముందు ప్రకటనలిచ్చి ఆ ధ్రువీకరణ తెచ్చుకునే పద్ధతికి మూలం ఇదే.

ఇప్పటి లెక్కలన్నీ 1990 చట్టంతో మొదలయ్యాయి. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు ఈబీ-1, పై చదువులున్నవాళ్లకు ఈబీ-2 అని విభజించింది. ఈబీ-2లోనే ఒక మినహాయింపు పెట్టింది. దేశ ప్రయోజనం ఉందనుకుంటే కంపెనీ ప్రకటనలూ, కార్మిక శాఖ ధ్రువీకరణా అక్కర్లేదు. మన పరిశోధకులు సొంతంగా వేసుకునే ఎన్‌ఐడబ్ల్యూ (నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్) పిటిషన్ ఇదే. అయితే దేశ ప్రయోజనం అంటే ఏమిటో చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీని తర్వాత వచ్చిన తీర్పులు నింపాయి.

మొదటిది 1998 నాటి న్యూయార్క్ రాష్ట్ర రవాణా శాఖ కేసు. వంతెనల పని తెలిసిన ఇంజినీరు కోసం ఆ శాఖే పిటిషన్ వేసింది. వంతెనలు ముఖ్యమని ఇమిగ్రేషన్ శాఖ ఒప్పుకుంది, పిటిషన్ మాత్రం తిరస్కరించింది. రంగం ముఖ్యమైనంత మాత్రాన అందులో పనిచేసే ప్రతి ఒక్కరికీ మినహాయింపు రాదు, నిపుణుల కొరత ఉంటే దానికి కార్మిక శాఖ దారి ఉండనే ఉంది అన్నది ఆ తీర్పు సారం. ఈరోజు వచ్చే తిరస్కరణ లేఖల్లో సగం వాదన ఇక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

ఈబీ-1లో అసాధారణ ప్రతిభ కింద వేసే ఈబీ-1ఏ కథ వేరు. అందులో పది ప్రమాణాలుంటాయి, కనీసం మూడు చూపించాలి. 2010లో కజారియన్ అనే భౌతిక శాస్త్రవేత్త కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) అధికారులను మందలించింది. నిబంధనలో లేని షరతులను లెక్క పెట్టే దశలో కలపొద్దంది. అయినా ఆయనకు రెండు ప్రమాణాలే ఉన్నాయని తిరస్కరణను నిలబెట్టింది. ఆ తీర్పు ఆధారంగా ఇమిగ్రేషన్ శాఖ రెండంచెల పద్ధతి తెచ్చింది. ముందు మూడు ప్రమాణాలు లెక్కిస్తారు, తర్వాత మొత్తంగా చూసి ఈయన నిజంగా రంగంలో అగ్రస్థానంలో ఉన్నాడా అని తూకం వేస్తారు. పేపర్లు రాశాను, ఇతరుల పేపర్లు రివ్యూ చేశాను, సొంత పరిశోధన ఉంది అని మూడూ దాటినవాళ్లు ఈ రెండో అంచెలో ఆగిపోతున్నారు. కోర్టు మందలింపు చివరికి దరఖాస్తుదారుడి మీదే భారమైంది. ఇది న్యాయంగా లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్లీ ఎన్‌ఐడబ్ల్యూకు వద్దాం. 2016 డిసెంబరులో ధనసార్ అనే పరిశోధకుడి కేసులో నిర్ణయం వచ్చి 1998 నాటి కొలమానాన్ని పక్కన పెట్టింది. ఇప్పుడు మూడు ప్రశ్నలు. చేయబోయే పనికి విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా? దాన్ని ముందుకు తీసుకెళ్లగల స్థితిలో ఈ మనిషి ఉన్నాడా? కార్మిక శాఖ ధ్రువీకరణ షరతును సడలిస్తే దేశానికి మేలేనా? ఏరోస్పేస్ ఇంజినీరింగ్‌కు చెందిన ఆ పరిశోధకుడి పిటిషన్ ఆమోదం పొందింది. అయితే ఆయన హైపర్‌సోనిక్ పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందన్నారు గానీ, బోధనకు లేదన్నారు. పాఠం ఎంత బాగా చెప్పినా ఆ ఫలితం తన విద్యార్థులను దాటి ఆ రంగమంతటికీ చేరుతుందని చూపలేదన్నది కారణం.

ఈ ఒక్క వివరం దగ్గర కాస్త ఆగి చూడాలి. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణ పరిశోధనకు వాడే ఎంఎస్‌టీ రాడార్ డేటాతో పరిశోధన మొదలుపెట్టి, అమెరికా వెళ్లి మెషీన్ లెర్నింగ్‌తో తుపాను అంచనాలు చేస్తున్న అమ్మాయి ఉందనుకుందాం. పిటిషన్‌లో ఆమె "వాతావరణ అంచనా దేశానికి ముఖ్యం, ఏఐ ముఖ్యం" అని నాలుగు పేజీలు రాస్తే అధికారి అదంతా ఒప్పుకుంటూనే తిరస్కరించగలడు. వచ్చే కొన్నేళ్లలో తాను కట్టబోయే మోడల్ ఏమిటి, దాన్ని ఎవరు వాడతారు, తన కంపెనీ కస్టమర్లను దాటి అది ఎక్కడికి చేరుతుంది అన్నది కాగితం మీద ఉండాలి. సైటేషన్లు (మన పేపర్లను ఇతరులు ఉటంకించడం) గతానికి సాక్ష్యం, మొదటి ప్రశ్న భవిష్యత్తు గురించి. సిఫారసు లేఖలదీ అదే గొడవ. గైడు, తోటి రచయితలు రాసిన అయిదు లేఖల్లో ఒకే వాక్యాలు కనిపిస్తే వాటికి బరువుండదు. ముఖం తెలియని శాస్త్రవేత్త "ఈ పద్ధతిని మా ల్యాబ్‌లో వాడాం, ఫలితం ఇలా వచ్చింది" అని రాస్తే ఆ ఒక్కటీ మిగతావాటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

మనవైపు వాళ్లకు ఇంకో పాత చిక్కు ఉంది. 1977లో షా అనే కేసులో మూడేళ్ల భారతీయ డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానం కాదన్నారు. మూడేళ్ల డిగ్రీ మీదే ఆధారపడినవాళ్లను ఈబీ-2లో ఆ నిర్ణయం నేటికీ ఇబ్బంది పెడుతుంది. అక్కడే మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ చేసినవాళ్లకు ఈ బాధ లేదు.

2022 జనవరిలో ఎన్‌ఐడబ్ల్యూ విషయంలో సైన్స్, టెక్నాలజీ పీహెచ్‌డీలకు అనుకూలంగా మార్గదర్శకాలు వచ్చాయి. అదే ఏడాది చివర టెక్ కంపెనీల్లో ఉద్యోగాలు ఊడాయి. కంపెనీ లేకుండా సొంతంగా వేసుకోవచ్చు కనుక పిటిషన్లు వరదలా వచ్చిపడ్డాయి. అచ్చుపోసినట్టుండే పిటిషన్లూ పెరిగాయి, పరిశీలన బిగిసింది, ఆమోదాల శాతం పడిపోయింది. 2025 జనవరిలో మార్గదర్శకాలను మళ్లీ సవరించి, చదువుకూ చేయబోయే పనికీ సంబంధం చూపాలని స్పష్టం చేశారు.

తిరస్కరణకు ముందు చాలామందికి ఆర్‌ఎఫ్‌ఈ, అంటే మరిన్ని ఆధారాలు పంపమని అడిగే లేఖ వస్తుంది. జవాబుకు గరిష్ఠంగా 84 రోజులు. దాన్ని పాత కాగితాలే మళ్లీ పంపడానికి వాడుకుంటే నష్టమే. తిరస్కరించాక అప్పీలుకు 30 రోజులే గడువు. కొత్త పిటిషన్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, పాత తిరస్కరణ దానికి అడ్డు కాదు. కానీ తిరస్కరించిన పిటిషన్ తాలూకు ప్రయారిటీ డేట్ (క్యూలో మన స్థానాన్ని నిర్ణయించే తేదీ) చేతిలో మిగలదు. ఈబీ-2లో భారతీయుల క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది, అంతకుముందు ఆమోదమైన పిటిషన్ ఏదీ లేకపోతే కొత్తగా వేసినవాళ్లు దాని చివర నిలబడాల్సిందే.