గొంతు బొంగురు, జలుబు మాత్రం లేదు

"భర్త కొడితే ఆసుపత్రికి ఎందుకు వెళ్లరు?" అని ఒక పాఠకురాలు అడిగారు. వెళ్తారండీ. దెబ్బల పేరు చెప్పి వెళ్లరు, అంతే. తలనొప్పి, నీరసం, నిద్ర పట్టడం లేదు అని ఓపీ చీటీ రాయించుకుంటారు. పక్కన ఆయన నిలబడి ఉంటాడు. "ఏమైందమ్మా?" అని డాక్టర్ అడిగితే "బాత్రూమ్‌లో జారిపడింది సార్" అని ఆయనే చెప్పేస్తాడు. ఆమె కొంగు మెడ చుట్టూ లాక్కుంటుంది. బి-కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చి పంపేస్తారు.

ఆ కొంగు కింద ఉన్న మెడ గురించే, భర్త గొంతు నులిమితే లోపల ఏమవుతుందో చెప్పాలి.

మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడలో కాస్త లోతుగా, గట్టి గోడలతో ఉంటాయి. వెనక్కి తెచ్చే సిరలు మెత్తన. గొంతు నులిమితే ముందు మూసుకుపోయేవి సిరలే. చెరువులోకి వాగు వస్తూనే ఉంది, తూము మాత్రం మూసేశారు అనుకోండి. నీరు పెరిగి, కట్ట బలహీనంగా ఉన్నచోట చిమ్ముతుంది. ముఖంలో అలాంటి చోట్లు కనురెప్పలు, కంటి తెల్లగుడ్డు. అక్కడ సన్నని రక్తనాళాలు చిట్లి, సూదిమొనంత ఎర్రచుక్కలు పడతాయి. ఇంకా గట్టిగా నొక్కితే వాగు కూడా ఆగిపోతుంది. పది సెకన్లు అటూ ఇటూగా స్పృహ పోతుంది.

వదిలేస్తే ఆమె లేచి వంట చేస్తుంది. కానీ గండం గడవలేదు. ధమని లోపలి పొర చిరిగి ఉంటే ఆ చిరుగులోకి రక్తం దూరి పొరను ఊడదీస్తుంది. అక్కడ గడ్డకట్టిన రక్తం రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం. ముప్పై ఏళ్ల మనిషికి పక్షవాతమేమిటి, గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తిరుగుడులో పోయే ప్రతి గంటా మెదడులో కొంత భాగాన్ని తినేస్తుంది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

పైకి మరక ఉంటుందిలే అనుకోకండి. అమెరికాలో శాన్ డియాగో పోలీసులకు అందిన 300 గొంతు నులిమిన కేసుల మీద 2001లో వచ్చిన పరిశీలనలో సగం మందికి కంటికి కనిపించే గాయమే లేదు. జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఆక్సిజన్ తగ్గితే తొందరగా దెబ్బతింటుంది. అందుకే ఆమె చెప్పేది తడబడుతుంది, ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు వస్తుంది. అబద్ధం చెబుతోందని అనుకుంటాం. హిప్పోకాంపస్ పేరు పిల్లల చేత బట్టీ పట్టిస్తాం కానీ ఈ ముక్క చెప్పం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో హింస అనుభవించామన్న స్త్రీలు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, సాయమూ అడగలేదు. అలా అడగనివాళ్లు కూడా ఓపీ గది దాకా వస్తున్నారు. కాబట్టి డాక్టర్లు అడగాల్సింది అక్కడే, ఆయనను బయటికి పంపి, తలుపు వేసి. "గొంతు పట్టుకున్నాడా? జలుబు లేకుండానే గొంతు బొంగురుపోయిందా? మింగుతుంటే నొప్పిగా ఉందా? తెలియకుండానే మూత్రం పోయిందా?" అవునంటే మెడ రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ అనే స్కాన్ అవసరమేమో చూడాలి.

ముంబయి బాంద్రాలోని భాభా మున్సిపల్ ఆసుపత్రిలో 2000 నుంచి 'దిలాసా' అనే విభాగం ఈ పనే చేస్తోంది. కౌన్సెలింగ్ గది ఆసుపత్రిలోనే ఉంటుంది కాబట్టి ఆమె ఇంట్లో "డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా" అంటే చాలు. గృహహింస చట్టం నిబంధనల ప్రకారం ముందుగా ఫిర్యాదు నమోదు కాలేదన్న సాకుతో ఏ ఆసుపత్రీ ఆమెకు వైద్యం నిరాకరించకూడదు. ఫోన్ చేతికి దొరికే వీలుంటే మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.