మాన్యువల్‌లో ఉంది కదా అని పోసేయకండి: సెమీ ఆటో రైఫిల్ పౌడర్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో 4895 పౌడర్ లేదంట, 4831 డబ్బా ఒక్కటే మిగిలి ఉంటే తెచ్చేశా. అంకెలు దగ్గర దగ్గరే కదా, పౌడర్ కొలతల మాన్యువల్‌లో .30-06 క్యాలిబర్ కింద కూడా ఉంది. నా గారాండ్‌కి పోసేయొచ్చా?" గారాండ్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సెమీ ఆటో, కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే రైఫిల్. పోయొద్దు అన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి గంట పట్టింది. టెక్సాస్‌లో ఒక రేంజ్‌లో తొమ్మిదేళ్ళుగా శని, ఆదివారాలు రీలోడింగ్, అంటే కాల్చేసిన ఇత్తడి డొల్లలో (బ్రాస్ అన్నా, కేస్ అన్నా అదే) మళ్ళీ నిప్పు రాజేసే ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి తూటా చేసుకోవడం, నేర్పిస్తున్నాను, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నెలకోసారైనా వస్తుంది. 2020లో ప్రైమర్లకీ పౌడర్‌కీ కరువొచ్చినప్పుడైతే వారానికి రెండు మూడుసార్లు వచ్చేది, ఎందుకంటే అప్పుడు ఎవరికి కావాల్సింది వాళ్ళకి దొరకలేదు, దొరికిందాన్నే కావాల్సినదిగా చేసుకుందామని చూశారు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇదంతా అమెరికాలో చట్టప్రకారం రైఫిల్ ఉన్నవాళ్ళ కోసం. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, అక్కడివాళ్ళు ఇది చదివి ఊరుకోండి. ఇక్కడ కూడా హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం తుపాకీనే కాదు, తూటాని కూడా దగ్గర పెట్టుకోనివ్వదు. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు.

అపోహ: మాన్యువల్‌లో నా క్యాలిబర్ కింద ఉన్న పౌడర్ ఏదైనా, మ్యాగ్జిమమ్ దాటకపోతే నా సెమీ ఆటోకి సేఫ్.

రైఫిళ్ళు పాడుచేసేది ఎక్కువగా ఇదే. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతమంది నమ్ముతారు.

మాన్యువల్‌లో కనిపించే ప్రెజర్ అంకె ఛాంబర్‌లోది, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటుది. .30-06కి గరిష్ఠంగా 60,000 పీఎస్ఐ, .223కి 55,000. ఆ అంకె బ్రాస్ చిట్లకుండా, ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ విరక్కుండా చూసుకోవడానికి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి దాదాపు అది చాలు, ఎందుకంటే బుల్లెట్ బయటికి పోయి లోపల ప్రెజరంతా దిగిపోయాక మనం చేత్తో బోల్ట్ తీస్తాం. కుక్కర్‌లో ఆవిరంతా పోయాక నిదానంగా మూత తీసినట్టు. సెమీ ఆటోలో అలా కాదు. ఆ ఆవిరిలోంచే కొంత తీసుకుని రైఫిల్ తన మూత తనే తీసుకుంటుంది. గొట్టానికి ఉన్న చిన్న రంధ్రం, అంటే గ్యాస్ పోర్ట్, లోంచి వచ్చే గ్యాసే ఆ పని చేసేది. కాబట్టి బుల్లెట్ పోర్ట్ దాటే క్షణంలో అక్కడ ఎంత ప్రెజర్ మిగిలి ఉందన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు మామూలు మాన్యువల్ పట్టికలో ఉండదు.

గారాండ్‌లో ఆ పోర్ట్ గొట్టం చివరికి సుమారు ఒకటిన్నర అంగుళం ఇవతల ఉంటుంది. 4895 లాంటి మధ్యరకం పౌడర్ మొదట్లోనే గట్టిగా మండి, బుల్లెట్ అంత దూరం వచ్చేసరికి చాలావరకు నెమ్మదిస్తుంది. 4831 లాంటి నిదానం పౌడర్ అలా కాదు, ఎక్కువ పోస్తాం, అది దారి పొడుగునా మండుతూ వస్తుంది, ఛాంబర్‌లో హద్దు దాటకుండానే చివర్లో ఎక్కువ ప్రెజర్ మిగులుస్తుంది. ఆ దెబ్బంతా బోల్ట్‌ని వెనక్కి నెట్టే ఆపరేటింగ్ రాడ్ మీద పడుతుంది. ప్రైమర్ చూస్తే మామూలుగానే ఉంటుంది, బ్రాస్ మీద కూడా చాలాసార్లు ఏమీ తెలియదు, "ప్రెజర్ సైన్స్ లేవు అన్నా" అంటారు. లేకపోవచ్చు, మీరు చూసే చోట అవి ఉండవు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పౌరసత్వం వచ్చిన ఏడాదే, పాత సైనిక రైఫిళ్ళు పౌరులకి అమ్మే సీఎంపీ అనే సంస్థ నుంచి నా మొదటి గారాండ్ తెప్పించుకున్నాను. అంతకుముందు నుంచీ బోల్ట్ యాక్షన్ .30-06తో వేటకి వెళ్ళేవాణ్ణి, దానికోసం 180 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్, నిదానం పౌడర్‌తో చేసుకున్న తూటాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. క్యాలిబర్ అదే, తూటా అదే, మాన్యువల్ ప్రకారం మ్యాగ్జిమమ్‌కి చాలా కింద ఉన్నాయి. మూడో క్లిప్ మధ్యలో బోల్ట్ సగంలో ఆగిపోయింది. ఇంటికొచ్చి విప్పితే రాడ్ వంగి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ అది, ఎవరో ఇరవై ఏళ్ళ కుర్రాడు భుజాన మోసి ఉంటాడు, అన్నేళ్ళు ఏమీ కానిది నా చేతిలో ముప్ఫై తూటాలు కూడా కాల్చకుండానే పాడైంది. రాడ్ మార్పించాను గానీ ఆ రోజు పడ్డ బాధ ఇంకా పోలేదు. అందుకే ఈ విషయంలో కొంచెం గట్టిగా మాట్లాడతాను, తప్పుగా అనుకోకండి.

గారాండ్‌కి 4895, 4064 దరిదాపుల్లోని పౌడర్లే వాడండి. యుద్ధకాలంలో సైన్యం తూటాల్లో పోసింది కూడా ఐఎంఆర్ 4895నే, 150 గ్రెయిన్ బుల్లెట్ వెనకాల. కొన్ని మాన్యువళ్ళలో గారాండ్‌కి ప్రత్యేకంగా వేరే విభాగం ఉంటుంది, మామూలు .30-06 పేజీ మూసేసి అది తెరవండి. బరువు బుల్లెట్లు వాడి తీరాలంటే గ్యాస్‌ని తగ్గించుకోనిచ్చే అడ్జస్టబుల్ గ్యాస్ ప్లగ్ పెట్టించుకుని, దాన్ని సరిగ్గా తిప్పడం నేర్చుకున్నాకే.

"నాది ఏఆర్-15 అన్నా, రాడ్ లేదు కదా" అని ఒకాయన అన్నాడు. రాడ్ లేదు, సమస్య ఉంది. పోర్ట్ దగ్గర ప్రెజర్ ఎక్కువైతే బ్రాస్ ఇంకా ఛాంబర్ గోడకి అతుక్కుని ఉండగానే బోల్ట్ అన్‌లాక్ అవుతుంది, బ్రాస్‌ని బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, దాని అంచు పట్టి లాగుతుంది. నేలమీద పడ్డ బ్రాస్ ఏరుకుని అంచు చూడండి, చిరిగినట్టో వంగినట్టో ఉంటే, బ్రాస్ పక్కకి కాకుండా బాగా ముందుకి ఎగిరి పడుతుంటే, మీ రైఫిల్‌కి గ్యాస్ ఎక్కువవుతోందని అర్థం. గొట్టం పొట్టిదై పోర్ట్ ఛాంబర్‌కి దగ్గరగా ఉన్న రైఫిళ్ళలో ఇది మరీ తొందరగా బయటపడుతుంది.

పౌడర్ ఒక్కటి మారితే ఎంత తేడా వస్తుందో అమెరికన్ సైన్యమే ప్రాణాలతో తెలుసుకుంది. ఎం16 మొదట్లో ఐఎంఆర్ 4475 అనే కడ్డీ పౌడర్‌తో పరీక్షలు నెగ్గింది. 1964లో దాని బదులు డబ్ల్యూసీ 846 అనే బాల్ పౌడర్, అంటే గుండ్రటి గింజల పౌడర్, మొదలుపెట్టారు. రైఫిల్ అదే, బుల్లెట్ అదే. కానీ పోర్ట్ దగ్గర ప్రెజర్ పెరిగింది, రైఫిల్ కాల్చే వేగం పెరిగింది, మసి ఎక్కువ పట్టింది. ఛాంబర్‌కి క్రోమ్ పూత లేకపోవడం, శుభ్రం చేసే కిట్లు అందకపోవడం కూడా తోడై వియత్నాంలో సైనికుల చేతుల్లో రైఫిళ్ళు జామ్ అయ్యాయి. 1967లో కాంగ్రెస్ సబ్‌కమిటీ విచారణ జరిపి, పౌడర్ మార్పుని కూడా తప్పుబట్టింది. బాల్ పౌడర్ చెడ్డదని దీన్నుంచి తీర్మానించకండి, ఈ రోజు .223కి చాలామంది వాడే హెచ్335 బాల్ పౌడరే, చక్కగా పనిచేస్తుంది. రైఫిల్‌నీ పౌడర్‌నీ జోడీగా చూడలేదు, అదీ అక్కడ జరిగింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మరీ వేగంగా మండే పౌడర్ పోస్తే పోర్ట్ దగ్గరికి వచ్చేసరికి ఊపు చాలదు, బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారంటే, సైకిల్ అయ్యేదాకా, అంటే రైఫిల్ తర్వాతి తూటాని తనే ఎక్కించుకునేదాకా, కొంచెం కొంచెం పౌడర్ పెంచుకుంటూ పోతారు. దయచేసి ఆ పని చేయకండి. పోర్ట్ దగ్గర ప్రెజర్ కోసం పెంచుతున్నారు, కానీ ఛాంబర్‌లో అంతకంటే వేగంగా పెరుగుతోంది. స్టార్టింగ్ లోడ్‌తో, అంటే పుస్తకంలో మొదలుపెట్టమని ఇచ్చే తక్కువ కొలతతో, సెమీ ఆటో సైకిల్ కాకపోవడం మామూలే, పుస్తకంలో ఇచ్చిన హద్దు లోపలే కాకపోతే పౌడర్ మార్చాలి, లేదా రైఫిల్‌ని ఎవరికైనా చూపించాలి.

అపోహ: బర్న్ రేట్ చార్ట్‌లో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకదాని డేటాతో ఇంకోటి పోయొచ్చు.

పౌడర్లని మండే వేగం ప్రకారం పేర్చిన ఆ చార్ట్ వరుస మాత్రమే చెబుతుంది, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంత దూరమో చెప్పదు. క్లాసులో పదో ర్యాంకుకీ పదకొండో ర్యాంకుకీ ఒక మార్కే తేడా ఉండొచ్చు, నలభై మార్కులూ ఉండొచ్చు. పైగా ఒక కంపెనీ చార్ట్‌లో ఉన్న వరుస ఇంకో కంపెనీ చార్ట్‌లో ఉండదు. అంకెల సంగతి ఇంకా ఘోరం. అంకె ముందున్న ఐఎంఆర్, హెచ్ బ్రాండ్ల గుర్తులు. ఐఎంఆర్ 4895, హెచ్4895 ఒకటి కాదు, వేర్వేరు డేటా. ఐఎంఆర్ 4831, హెచ్4831 కూడా ఒకటి కాదు, వాటిలో ఐఎంఆర్ వేగంగా మండుతుంది, హెచ్ డేటా చూసి ఐఎంఆర్ పోస్తే ప్రెజర్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. అసలు 4831 ఎక్కడిదంటే, యుద్ధంలో 20 ఎంఎం ఫిరంగుల కోసం చేసి మిగిలిపోయిన సరుకు, దాన్ని కొని రీలోడర్లకి అమ్మారు. 4895 పక్కన నిలబడాల్సిందని ఆ అంకె ఎక్కడా చెప్పదు. డబ్బా మీద పేరు అక్షరం అక్షరం పుస్తకంలో పేరుతో కలవాలి, అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గ్రెయిన్ అంటే పౌడర్ గింజల లెక్క కాదు, బరువు. ఒక గ్రాముకి దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు. ఎలక్ట్రానిక్ త్రాసు మీద చెయ్యి తగిలి గ్రాముల్లోకి మారిపోయి ఉండొచ్చు, కూర్చున్న ప్రతిసారీ చెక్ వెయిట్ పెట్టి చూసుకోండి.

కేస్ నిండా వచ్చే పౌడర్ ఎంచుకుంటే పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటికి కనిపిస్తుంది. సగమే నిండే పౌడర్‌తో ఆ భరోసా ఉండదు. పిస్టల్ పౌడర్ రైఫిల్ కేస్‌లో పడితే రైఫిల్ పేలిపోతుంది, అందుకే బెంచి మీద ఒకసారి ఒకే డబ్బా ఉండాలి. పని అయ్యాక హాపర్‌లో, అంటే కొలిచి పోసే పరికరం పై డబ్బాలో, మిగిలింది వచ్చిన డబ్బాలోనే పోయండి, పేరు గుర్తులేని పౌడర్‌ని వాసన చూసో రంగు చూసో గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి.

పొడుగు కడ్డీల పౌడర్, కొలిచి పోసే మెజర్‌లో అడ్డుపడుతుంది, ఒక కేస్‌లో తక్కువ పడి, తర్వాతి దాంట్లో ఎక్కువ పడుతుంది. వరసగా తూటాలు చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ అనే యంత్రం మీద చేసేవాళ్ళకి బాల్ పౌడర్ గానీ పొట్టి కడ్డీ గానీ నయం. టెక్సాస్ ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తూటా ఇంట్లో పరీక్షించిన తూటా కాదు, వేడికి ప్రెజర్ పెరుగుతుంది, కొన్ని పౌడర్లలో ఎక్కువగా.

ప్రైమర్ కూడా పౌడర్ లెక్కలోదే. ఏఆర్, గారాండ్ రైఫిళ్ళలో ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగ్ ఉండదు, తూటా లోపలికి వెళ్ళేటప్పుడే ప్రైమర్‌ని చిన్నగా తాకుతుంది. ఆ గుర్తు చూసి కంగారు పడేవాళ్ళు చాలామంది, అది మామూలే. మెత్తటి ప్రైమర్ వాడితేనే కంగారు పడాలి, మిలిటరీ తరహా గట్టి ప్రైమర్లు ఉన్నాయి, అవి వాడండి, ప్రైమర్ మార్చినప్పుడల్లా మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టండి.

ఒక చెల్లెమ్మ నాకు మెసేజ్ పెట్టింది, భర్త గరాజ్‌లో పౌడర్ పెట్టాడట, ఇంట్లో బాంబు పెట్టుకున్నట్టుందట, పిల్లలున్నారు, నిద్ర పట్టడం లేదట. అమ్మా, మీ భయం అర్థమవుతుంది, అడిగి మంచి పని చేశారు. పాతకాలపు బ్లాక్ పౌడర్ వేరు, అది నిప్పురవ్వకే పేలుతుంది. రీలోడింగ్‌లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది గానీ అలా పేలదు. గట్టిగా మూసిన ఇనప పెట్టెలో బంధిస్తేనే ప్రమాదం, కాబట్టి గన్ సేఫ్‌లో, తూటాలు పెట్టే ఇనప అమ్మో క్యాన్‌లో పెట్టకూడదు. కొన్న డబ్బాలోనే ఉంచి, వాటర్ హీటర్‌కి దూరంగా, చెక్క అల్మారాలో తాళం వేసి పెట్టమనండి. ఇంట్లో 20 పౌండ్లు దాటితే కనీసం అంగుళం మందం ఉన్న చెక్క పెట్టె కావాలని అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి, మీ ఊళ్ళో రూల్ ఇంకా తక్కువ ఉండొచ్చు, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఫోన్ చేసిన తమ్ముడు 4831 డబ్బా సీలు తీయలేదు. బోల్ట్ యాక్షన్ ఉన్న మా స్నేహితుడొకాయన కొనుక్కున్నాడు. ఐదు వారాలు ఎదురుచూశాక ఐఎంఆర్ 4895 దొరికింది. మొన్న ఆదివారం రేంజ్‌కి తెచ్చాడు, గారాండ్ పేజీలోని స్టార్టింగ్ లోడ్‌తో ఎనిమిది తూటాలే చేసుకొచ్చాడు. చివరిది కాల్చాక క్లిప్ టింగుమని ఎగిరింది. ఇద్దరం వంగి బ్రాస్ ఏరి ఒక్కొక్కటీ అంచు చూశాం. ఎనిమిదీ శుభ్రంగా ఉన్నాయి.