టెస్ట్ పోస్ట్ దగ్గర రీడింగ్ బాగుందా? అయితే పైపు బాగున్నట్టేనా?

పైప్‌లైన్లకు తుప్పు పట్టకుండా చూసే పని నాది అని చెబితే "పెయింట్ వేయిస్తారా?" అని అడుగుతారు. ఒక్కోసారి ఇంజినీర్లు కూడా. ఏళ్ల తరబడి పదే పదే విన్న మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: కోటింగ్ మంచిదైతే తుప్పు రాదు.

ఏ కోటింగ్‌కైనా ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది. కందకంలోకి దించేటప్పుడు రాయి గీసుకుంటుంది, వెల్డింగ్ జాయింట్ దగ్గర చుట్టింది సరిగా అతుక్కోదు. ఈ చిల్లులకు మా వాడుకలో పేరు 'హాలిడే'. అందుకే కోటింగ్‌కు తోడు కేథోడిక్ ప్రొటెక్షన్, అంటే సీపీ ఇస్తాం. భూమిలో పాతిన యానోడ్ల నుంచి డీసీ కరెంటు మట్టిగుండా వచ్చి, చిల్లు ఉన్నచోట పైపులోకి చేరుతుంది. అరిగిపోయే వంతు యానోడ్‌కు పడుతుంది, ఉక్కు నిలుస్తుంది. ఈ రక్షణ అందుతోందో లేదో, లైను వెంట పాతిన టెస్ట్ పోస్ట్ అనే స్తంభాల దగ్గర పైపు వోల్టేజీ కొలిచి చూస్తాం.

నన్ను భయపెట్టేది చిల్లు కాదు, చిల్లు పడకుండా లోపల ఊడిపోయిన కోటింగ్. ఒకసారి పాత లైను మీద గొయ్యి తవ్వించాం. పాలిథిన్ టేపు చుట్టిన పైపు, చూడటానికి నిగనిగలాడుతోంది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. కత్తితో కోయగానే కుళ్లిన గుడ్డు వాసనతో నీళ్లు కారాయి. నల్లటి జిగురు తుడిస్తే కింద గుంటలే గుంటలు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. దగ్గరి టెస్ట్ పోస్ట్‌లో రీడింగ్ మాత్రం ఎప్పుడూ భేషుగ్గానే ఉండేది. పాలిథిన్ కరెంటును పోనివ్వదు కాబట్టి, టేపు కింద చేరిన నీటి దాకా మా సీపీ చేరనే లేదు. 2010లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మార్షల్ దగ్గర పగిలిన 30 అంగుళాల క్రూడ్ లైనులోనూ పగుళ్లు పెరిగింది ఇలా ఊడిన టేపు కిందే.

అపోహ: టెస్ట్ పోస్ట్ దగ్గర పైపు వోల్టేజీ మైనస్ 0.85 వోల్టులు దాటితే చాలు.

ఏ రీడింగ్ అన్నది ముందు అడగాలి. రాగి కడ్డీ, మైలుతుత్తం ద్రావణం ఉన్న హాఫ్ సెల్‌ను నేల మీద పెట్టి కొలుస్తాం. ఎండాకాలం మట్టి గట్టిబడి మీటరు అంకెలు గంతులేస్తుంటే, కాసిన్ని నీళ్లు పోస్తే గానీ నిలబడవు. అలా నిలబడ్డ మైనస్ 1.1ని కూడా నేను వెంటనే నమ్మను. అందులో మట్టిలో పోయే వోల్టేజీ కలిసి ఉంటుంది. సీపీ కరెంటు ఇచ్చే రెక్టిఫయర్లన్నిటినీ ఒకేసారి క్షణంపాటు ఆపి, ఆ క్షణంలోనే చదివితే అది మైనస్ 0.78 కావచ్చు. అసలు సంగతి ఆ అంకెది. అలాగని కరెంటు మరీ పెంచేసినా ముప్పే. పైపు మీద హైడ్రోజన్ పుట్టి కోటింగ్‌నే లేపేస్తుంది.

అపోహ: పొడి గ్యాస్ వెళ్లే పైపుకు లోపల తుప్పు ఉండదు.

కాగితం మీద పొడిగానే ఉంటుంది. ప్లాంటులో ఒక్కరోజు డీహైడ్రేషన్ (గ్యాస్‌లోని తేమ తీసే పని) సరిగా జరగకపోయినా నీరు వచ్చి పల్లంలో ఆగుతుంది. దానికి కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, బ్యాక్టీరియా తోడైతే గోడను తినేస్తాయి. 2000 ఆగస్టులో అమెరికాలోనే న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ దగ్గర గ్యాస్ లైను పేలి, నది ఒడ్డున క్యాంపు వేసుకున్న 12 మంది చనిపోయారు. కారణం లోపలి తుప్పు. పగిలిన ఆ భాగంలో పిగ్ (పైపు లోపల సాగుతూ శుభ్రం చేసే, తనిఖీ చేసే పరికరం) నడిపే వీలు కూడా లేదు.

ఇక్కడ మా వాళ్లకూ ఒక మాట. తుప్పు వేగం కొలవడానికి లోపల ఉంచే లోహపు ముక్కను, అంటే కూపన్‌ను, సులువుగా అందుతుందని పైపు నడినెత్తిన బిగిస్తారు. నీరుండేది అడుగున కదా! ఆరు నెలల తర్వాత కూపన్ మెరుస్తూ బయటికొస్తుంది, రిపోర్ట్ కూడా అలాగే మెరుస్తుంది.

అపోహ: స్మార్ట్ పిగ్ నడిపితే అన్నీ కనిపిస్తాయి.

మామూలుగా నడిపేది అయస్కాంత పిగ్. లోహం తరిగినచోటును బాగా పడుతుంది, పైపు పొడవునా సాగే సన్నని పగులును చాలాసార్లు వదిలేస్తుంది. పగుళ్లకు అల్ట్రాసోనిక్ లాంటివి వేరే ఉన్నాయి. గుంట లోతు గోడ మందంలో 40 శాతం అని రిపోర్ట్‌లో ఉంటే 30 కావచ్చు, 50 కావచ్చు. అందుకే కొన్నిచోట్లయినా తవ్వి గేజ్‌తో కొలవాల్సిందే.

అపోహ: లీకైతే కంట్రోల్ రూమ్‌కు వెంటనే తెలిసిపోతుంది.

మార్షల్‌లో అలారాలు మోగాయి. లైనులో ఖాళీ ఏర్పడి ఉంటుందనుకుని మధ్యలో రెండుసార్లు పంపులు మళ్లీ స్టార్ట్ చేశారు. 17 గంటలు దాటాక బయటి వ్యక్తి ఫోన్ చేస్తే గానీ లీకని తేలలేదు. అంత పెద్ద పగులుకే అలా జరిగితే, సన్నగా కారేదాన్ని స్క్రీన్ మీద పట్టుకోవడం ఇంకా కష్టం. దాన్ని లైను వెంట నడిచే మనిషే ముందు చూస్తాడు: చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోటే మాడిన గడ్డి, నీటి మడుగులో ఆగని బుడగలు. వాసన వస్తుందిలే అని మాత్రం ఆగకండి. సహజవాయువుకు సొంతంగా వాసన లేదు, పెద్ద లైన్లలో చాలావాటిలో వాసన మందు కలపరు.